అడిగిన చెంచాడు ఆముదం

పోయిన వారం తిరుపతిలో మా వీధి చివరి మందుల షాపులో బీపీ మాత్రలు తీసుకుంటూ నిలబడ్డాను. పక్కన ఒకాయన, యాభై ఏళ్ళుంటాయేమో, స్కూటర్ తాళాలు వేలికి తిప్పుకుంటూ ఆముదం సీసా అడిగాడు.

"పెద్దదే ఇయ్యన్నా. మాయమ్మకు నాలుగు దినాలుగా కడుపు కట్టుకోనుండాది. నిన్నట్నుంచి వాంతులు గూడా. కడుపు ఉబ్బి డోలు మాదిరిగా ఉండాది."

ఇతరుల సంగతి మనకెందుకులే అని ఊరుకునే నోరు కాదు నాది. మా ఇంట్లోవాళ్ళు ఈ విషయంలో నన్ను ఎప్పుడో వదిలేశారు. "మీయమ్మకు ఎన్నేళ్ళు?" అన్నాను. డెబ్బై ఎనిమిది అన్నాడు.

"ఆముదం కాదయ్యా, బస్సు!"

అరిచాననే చెప్పాలి. షాపాయన సీసా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. స్కూటరాయన బిత్తరపోయి, "బస్సేందమ్మా?" అన్నాడు.

"బస్సో, ఆటోనో, ఏదో ఒకటి. ముందు ఆస్పత్రికి తీసకపో. ఆ కడుపులోకి పైనుంచి ఆముదం పోసినావంటే..." పరాయి మనిషి ముందు, మందుల షాపులో నిలబడి ఏడ్చాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో, సీసా తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. షాపాయన నాకు కూర్చోమని స్టూలు ఇచ్చాడు.

ఆ మాట నాది కాదు. మా పెద్దమ్మది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఆ మాట నా నోట్లోనే ఉందని నాకే తెలియలేదు.

పెద్దమ్మ అంటే మా నాయనకు అన్న భార్య. నాకు అన్నంటే ఆమె కొడుకే. పలమనేరు నుంచి బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే మా ఊరు. చలికాలం వచ్చిందంటే ఆడ మంచు పొద్దెక్కేదాకా వదలదు. ముసలివాళ్ళ మోకాళ్ళు పట్టేస్తాయి, మడమలు పగిలిపోతాయి. అందుకని ఊళ్ళో సగం మంది మా పెద్దమ్మ గడపలోనే ఉండేవాళ్ళు. ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఊరందరికీ ఆముదమమ్మే. నేనూ ఆమె పేరు రాయను. రాస్తే వేరే ఎవరి గురించో రాసినట్టుంటుంది.

సెనిక్కాయ చేను గట్ల మీద ఆముదం చెట్లు వేసేది. గింజలు ఎండబెట్టి, రవ్వంత వేయించి, రోట్లో దంచి, కుండలో నీళ్ళు పోసి కాచేది. నూనె పైకి తేలాక గరిటెతో తీసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టేది. నీరు పోయిందా లేదా అని చూడడానికి దూదివత్తి అందులో ముంచి వెలిగించేది. చిటపటమంటే ఇంకా నీరున్నట్టు. నెమ్మదిగా వెలిగితే అయిపోయినట్టు. మిగిలిన పిప్పిని ఒక్క పిడికెడు కూడా బయట పెట్టేది కాదు, తనే మోసుకుపోయి చేలో పూడ్చి వచ్చేది. "గొడ్డు తినిందంటే సస్తాది, పిల్లోడు నోట్లో పెట్టుకుంటే వాడూ సస్తాడు" అని, కాచిన రోజు మమ్మల్ని వాకిట్లోకే రానిచ్చేది కాదు. ఆ రోజుల్లో ఆమె ఒళ్ళంతా అదే వాసన. బడిలో పిల్లలు నన్ను చూసి ముక్కు మూసుకునేవాళ్ళు, ఆమె పక్కన పడుకుంటానని. నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ వాసన ఎక్కడన్నా తగిలితే వేరే ఏడుపు వస్తుంది.

ఎవరైనా తనను పెద్ద వైద్యురాలిని చేయబోతే ఆమెకు నచ్చేది కాదు. "సెట్టు లేని సోట ఆముదం సెట్టే మహావృక్షం. డాక్టరు లేని ఊర్లో నేనొక డాక్టర్ని. పో, పో" అనేది. మా వీధిలో ఒకాయనకు నడినెత్తిన జుట్టంతా ఊడిపోయింది. ఆముదం రాస్తే మొలుస్తుందని ఎవరో చెప్పారట, గిన్నె పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ రోకలి ఎత్తి ఆయన ముందు నిలబెట్టింది. "నీ ఇల్లు బంగారంగాను, ఇరవై ఏండ్లుగా ఆముదంలోనే మునిగి తేల్తావుండాది ఇది. ఒక్క ఎంట్రుకన్నా మొలిసిందేమో సూడు. మొలిస్తే జడేస్తా." అంతా నవ్వారు, ఆయనతో సహా. అయినా గిన్నె ఖాళీగా పంపలేదు. రాసుకుంటే తల చల్లగా ఉంటుంది, నిద్ర పడుతుంది, అంతే అని చెప్పి పోసింది.

మోకాళ్ళకు రాసేటప్పుడు కూడా అంతే. ఆమె ముందు కాళ్ళు చాపిన ముసలామె "పోతాదా నొప్పి?" అని అడిగితే, అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "పోదు. అరిగినదాన్ని నేను యాడ తెచ్చి అతికించేది? రవ్వంత సద్దుమణుగుతాది. చెయ్యి పడితే ఎవురికైనా హాయిగా ఉంటాది గదా, అందుకు రాస్తావుండా." నిజంగానే అట్లా రాసేది, చంటిబిడ్డకు రాసినట్టు. రాసినాక మాత్రం పాత గుడ్డతో అరికాళ్ళు గట్టిగా తుడిచి గానీ వాళ్ళను లేవనిచ్చేది కాదు. "జారి తుంటి ఇరిగిందంటే నా మోకాలినూనె యాడికి పనికొస్తాది?" కంట్లో వేయమని వచ్చేవాళ్ళను తిట్టి పంపేది. కంటి పువ్వు, అంటే శుక్లం, కత్తికి పోతుంది గానీ ఆముదానికి పోదని ఖండితంగా చెప్పేది.

ఇంతవరకూ ఊరికి ఆమెతో పేచీ లేదు. పేచీ అంతా తాగే ఆముదం దగ్గర.

ఏడాదికి రెండు సార్లు ఇంటిల్లిపాదీ బేదికి తాగడం మా వైపు వాడుక. తెల్లవారగానే ఆముదం, వెనకనే ఉడుకునీళ్ళు, పగలంతా తిరుగుడు, సాయంత్రం మిరియాల చారుతో అన్నం. కడుపు కడుక్కోకపోతే మనిషి మనిషే కాదన్నట్టు మాట్లాడేవాళ్ళు పెద్దవాళ్ళు. వయసులో ఉన్నవాళ్ళకు పెద్దమ్మ కొలిచి పోసేది, అదీ పెద్దగా ఇష్టం లేకుండానే. కడుపుతో ఉన్నవాళ్ళకు చుక్క కూడా ఇవ్వదు. అరవై దాటినవాళ్ళకు అసలే లేదు. కాళ్ళా వేళ్ళా పడినా లేదు. "ముసిలి కడుపు పాత కుండ. బీట యాడుండాదో పైనుంచి కనపడదు" అనేది. కడుపు కట్టుకుంటే నీళ్ళు ఎక్కువ తాగమనేది, బొప్పాయిపండు కోసిచ్చేది, ఆకుకూర తినమనేది, పొద్దున్నే నడవమనేది. అన్నిటికీ తగ్గకపోతే పలమనేరు పోయి డాక్టరును అడగమనేది. కడుపు నొప్పి అనీ, వాంతి అనీ, గాలి కూడా పోలేదనీ ఎవరైనా అన్నారంటే మాత్రం ఆమె మొహం మారిపోయేది. "ఆముదం కాదు, బస్సు" అనేది. ఆ ఒక్క మాటే. వాళ్ళు కదిలేదాకా వాకిట్లోనే నిలబడేది.

ఊరివాళ్ళకు ఇది అర్థం కాలేదు. ముసలివాళ్ళ దగ్గర నూనె మిగిల్చుకుంటుంది, పిసినారి అన్నారు. మా నాయన కూడా అన్నాడు. ఆయనకు అరవై ఐదు. ఎప్పటిలాగే గ్లాసు పట్టుకుని పోతే లేదంది.

"ఆముదానికి గూడా పిసినారితనమా వదినా?"

"పిసినారినే అబ్బా. ఉడుకునీళ్ళు కావాలంటే సెంబుడు ఇస్తా."

ఆయన తాగకుండానే ఆముదం తాగిన మొహం వేసుకుని ఇంటికి వచ్చాడు, వారం రోజులు వాళ్ళింటి గడప తొక్కలేదు. అప్పటికి నాకు తిరుపతిలో టీచరు ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళు. సెలవులకు వచ్చి ఉన్నాను. చదువుకున్నదాన్ని కదా, న్యాయం చెప్పడానికి బయలుదేరాను. ఆమె పెరట్లో గింజలు దంచుతోంది. "ఒక్క చెంచాడుకు ఆయన్ను అంత ఉసూరుమనిపించాలా పెద్దమ్మా? ఏం పోతుంది నీ సొమ్ము?" అని నిలదీశాను.

రోకలి ఆగింది. నా వైపు చూడలేదు. రోట్లోకి చూస్తూ చెప్పింది.

"మీయవ్వను సంపింది నేనే పాపా."

మా అవ్వ అంటే ఆమెకు అత్త. నేను పుట్టకముందే పోయింది.

"కడుపునొప్పి అనె. రెండు దినాలు బయటికి పోలా. పొయ్యి కోడలా, నీ సేత్తో పొయ్యి అనె. పోస్తి. తగ్గలా. తెల్లారి ఇంగోసారి పోస్తి. వాంతులు పట్టుకునె. కడుపు రాయి మాదిరిగా అయిపొయ్యె. మూడో దినం బండి కట్టుకోని పలమనేరు పోతిమి. డాక్టరు చెయ్యి పెట్టి సూసి, పేగు మెలిపడిందమ్మా, అడ్డం పడిన దావలోకి పైనుంచి తోస్తే ఏమైతాది అనె. ఆ మాట ఆయన నాకొక్కదానికే సెప్పినాడు. తిరిగొచ్చేటప్పుడు నా తొడ మీదే పానం పొయ్యె."

నేను ఆ రోలు పక్కనే కూర్చున్నాను.

"ఒక్కురు గూడా నన్ను ఒక్క మాట అనలా. కోడలంటే నువ్వే, ఎంత సేవ చేసినావు అనిరి. మీ పెదనాయన గూడా అదే మాట. ఎవురన్నా తిట్టింటే బాగుండు పాపా."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్తే మీ అన్నకు ఇంగ అమ్మ ఉంటాదా? వాడు అవ్వ సేతిలో పెరిగినోడు. అవ్వ అంటే పానం. ఇప్పటికీ ఆమె పటానికి దండం పెట్టకుండా సేనికి పోడు." జిడ్డు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడా సెప్పొద్దు. నా మీద ఒట్టు."

చెప్పలేదు. మా నాయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, నా మొగుడికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, మా అన్న కూడా పోయాడు. ఇది చదివి నొచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

డెబ్బై ఐదు దాటాక పెద్దమ్మకు మతిమరుపు మొదలైంది. ముందు కూరలో రెండు సార్లు ఉప్పు. తర్వాత మనుషులు. నన్ను చూసి, "మీ ఇల్లు యాడమ్మా?" అని మర్యాదగా అడిగింది ఒకసారి. నవ్వి, బయటికి వచ్చి ఏడ్చాను. ఇవన్నీ ఎట్లాగో సర్దుకున్నాం గానీ, ఒక రోజు ఆముదం గింజలు వేయించి, చల్లారబెట్టి, సెనిక్కాయ గింజల పక్కనే గిన్నెలో పెట్టేసింది. మనవడు చెయ్యి పెట్టేలోపు కోడలు చూసింది. అన్న ఆ రోజే గట్ల మీద చెట్లన్నీ నరికేశాడు. కుండలు పగలగొట్టాడు. తప్పని నేను అనను, ఆ స్థితిలో నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆ తర్వాత ఆమెను చూడలేకపోయేదాన్ని. మంచం మీద కూర్చుని ఒక అరచేతిని ఇంకో అరచేతితో రుద్దుకుంటూ ఉండేది, గంటల తరబడి, నూనె లేకుండా.

కంటికి పువ్వు వస్తే ఆపరేషన్ చేయించడానికి అన్న ఆమెను తిరుపతికి తెచ్చి మా ఇంట్లో దిగబెట్టాడు. టమేటా కోతల కాలం, తను ఉండలేనన్నాడు. నేను ఉన్నాను కదా, పో అన్నాను. కన్ను బాగానే అయింది. పది రోజులకు కడుపు కట్టుకుంది. నీళ్ళు తాగించాను, బొప్పాయి పెట్టాను, చెయ్యి పట్టుకుని వీధిలో నడిపించాను. ఆమె దగ్గర నేర్చుకున్నదంతా ఆమెకే చేశాను. మూడో రోజు పొద్దున వాంతి చేసుకుంది. కడుపు ముట్టుకుంటే గట్టిగా తగిలింది. గాలి కూడా పోలేదంది.

నా చెయ్యి పట్టుకుంది. "ఒక సెంచాడు ఆముదం పొయ్యి పాపా."

ఆమె తన మాట మరిచిపోయింది. తన అత్తను మరిచిపోయింది. మిగిలింది అలవాటు ఒక్కటే, కడుపు నొస్తే ఆముదం అని, చిన్నప్పటి అలవాటు.

"వద్దు పెద్దమ్మా. ఆస్పత్రికి పోదాం."

"ఆస్పత్రి వొద్దు. కోస్తారు. ఒక్క సెంచాడు. నీకు పున్నెముంటాది."

అన్నకు ఫోన్ చేయించాను, ఊళ్ళో వాళ్ళ పక్కింటికి. ఆయన రొప్పుతూ వచ్చి మాట్లాడాడు. "పొయ్యి మే, ఏం పోతాది? పుట్టినకాడి నుంచి తాగిన ఒళ్ళు అది. ఆమె ఒంటి సంగతి ఆమెకు తెలీదా?"

"నేను పొయ్యనన్నా. ఆటో పిలుస్తావుండా."

"ఊరోళ్ళకు అమ్మ పొయ్యకపోతే పొయ్యలా. ఆమే నోరు తెరిసి అడిగితే గూడానా?"

ఫోన్ పెట్టేశాను. మా ఆయనా, ఆటోవాడూ కలిసి ఆమెను కూర్చోబెట్టారు. ఆటోలో పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "సెంచాడు ఆముదానికి గూడా పిసినారివేందే?" అంది. ఊరు తననన్న మాట. దాన్నే తెచ్చి నన్ను కొట్టింది. బస్టాండు దాటేదాకా ఆ మాటే అంటూ వచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, ఫోటోలు తీయించి, నన్ను పక్కకు పిలిచింది. పేగులో గడ్డ పెరిగి దారి మూసేసిందట. "బేదిమందు, ఆముదం ఏమైనా తాగించారా?" అంది. లేదన్నాను. "మంచి పని చేశారు" అంది. ఆ మాట ఎంత గట్టిగా పట్టుకున్నానో! ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. ఒళ్ళు తట్టుకుంటుందో లేదో చెప్పలేమని ముందే చెప్పారు. వాళ్ళ తప్పేమీ లేదు.

తెలివి వచ్చాక పెద్దమ్మ నా వైపు తిరగలేదు. దూది తడిపి పెదవులకు అద్దబోతే నోరు బిగించుకునేది. నర్సు అద్దితే తీసుకునేది. ఎప్పటికప్పుడు అన్నీ మరిచిపోయే మనిషి, ఈ ఒక్కటీ మరిచిపోలేదు. దేవుడికి ఎంత కక్ష నా మీద! మూడో రోజు అన్న వచ్చాడు. కొడుకును గుర్తుపట్టింది. "అడిగితే ఆ పాప పొయ్యలేదురా" అని చెప్పింది. మర్నాడు పొద్దున పోయింది.

ఊళ్ళో అందరూ ఒకటే మాట. చెంచాడు ఆముదం పోసి ఉంటే ఆ గడ్డ కరిగి పోయేదట. టీచరమ్మ తెలివితేటలకు పోయి కత్తి కిందికి తోసిందట. అత్తకు రెండు సార్లు పోసిన కోడలిని ఈ ఊరే ఎంతో సేవ చేసిందని మెచ్చుకుంది. పొయ్యని నన్ను ఇట్లా అంది. అన్న నాతో మాట్లాడడం మానేశాడు. నేను ఎదురుపడితే తువ్వాలు దులుపుకుని పక్కకు పోయేవాడు.

పదకొండో రోజు చేలో కర్మ. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టారు: సంగటి, పుల్లగూర, వడలు, ఆకూవక్కా. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ అన్నం తినకూడదు. కాకులు చింతచెట్టు మీదే ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. అంతా కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఆకలికి గునుస్తున్నారు. ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మనసులో ఏదో పెట్టుకోని పొయ్యింది."

అది ఏదో అందరికీ తెలుసు. అందరూ నన్నే చూశారు. అన్న కొట్టుకు మనిషిని పంపాడు. ఊరందరికీ కాచి పోసిన మనిషికి అంగడి సీసా ఆముదం వచ్చింది. అన్న మూత తీసి, చెంచా నా చేతికి ఇచ్చాడు.

"నువ్వే పొయ్యి. నిన్నే గదా అడిగింది."

చెంచా నిండా వంచుకున్నాను. ఆకులో సంగటి పక్కన పోశాను. తాగు పెద్దమ్మా అని లోపల అనుకున్నాను, ఇప్పుడు నిన్ను ఏమీ చేయదు, తాగు. వెనక్కి వచ్చి నిలబడ్డాను.

కాసేపటికి ఒక కాకి దిగింది. అటూ ఇటూ గెంతి, వడ ముక్క ముక్కున కరుచుకుని లేచింది. ఆముదం వైపు కూడా చూడలేదు. అయినా జనం అంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. "సూస్తిరా, అదే కావాల్సింది ఆమెకు" అన్నారు. అన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బంతిలో నా ఆకు ముందు తనే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటపడింది. తల్లి కోరిక తీరిందన్న నిమ్మళం.

"పదకొండు దినాలు నీతో మాట్లాడలా. మనసులో పెట్టుకోవద్దు మే. నీకేం తెలుసు పాపం. నువ్వు మొండిదానివి, అంతే. ఆ మొండితనం యాడ నేర్సుకున్న్యావో ఏమో."

నోటిదాకా వచ్చింది. మీయమ్మ దగ్గరే అన్నా, రోలు పక్కన కూర్చుని నేర్చుకున్నా అని. ఆ ఒక్క మాట చాలు, ఊరంతా నోరు మూసుకుంటుంది. ఆ ఒక్క మాటతో ఆయనకు అమ్మా ఉండదు, అవ్వా ఉండదు.

"తప్పయిపొయ్యింది అన్నా," అన్నాను.

"పోనీలే మే, తిను" అని ఆయనే నా ఆకులో అన్నం పెట్టాడు.